గుర్రం మంచి గుర్తా, చెడ్డ గుర్తా? ప్రకటన 6లో తెల్లగుర్రం మీదున్నది ఎవరు?

ఒలీవకొండ:
అందరికీ వందనాలు. కీర్తనలు, ప్రకటన గ్రంథం ఒకేసారి చదువుతుంటే ఒక చిక్కు వచ్చిపడింది. 20వ కీర్తనలో "కొందరు రథములనుబట్టియు కొందరు గుఱ్ఱములనుబట్టియు అతిశయపడుదురు" అని ఉంది, మనం మాత్రం యెహోవా నామాన్ని బట్టి అతిశయపడతాం అని తర్వాతి మాట. 33వ కీర్తన ఇంకా సూటిగా, రక్షించడానికి గుర్రం అక్కరకు రాదనేస్తుంది. యేసు యెరూషలేములోకి గాడిదపిల్ల మీద వచ్చాడు. ఇంతవరకు అంతా ఒకే దారి. తీరా ప్రకటన 19కి వచ్చేసరికి ఆయనే తెల్లగుర్రం మీద కనిపిస్తున్నాడు!
6వ అధ్యాయంలో విల్లు పట్టుకుని బయల్దేరిన తెల్లగుర్రం రౌతు కూడా ఆయనేనా? క్రీస్తే అని ఒక ప్రసంగంలో విన్నాను, క్రీస్తు విరోధి అని ఇంకో ప్రసంగంలో విన్నాను. ఇద్దరూ బల్ల గుద్ది చెప్పారు. చదివినవాళ్లు ఎవరైనా విడమరిచి చెప్పండి.

ఆవగింజ:
మంచీ కాదు, చెడూ కాదు బ్రదర్. బలం. ఎవరి చేతిలో ఉంది, ఎందుకు వాడుతున్నారు అన్నదే లెక్క.

పాతరాయి:
ఆవగింజ గారి మాట నిజమే గానీ అది ఏ రకం బలమో చెప్పకపోతే కీర్తనకారుడి కోపం అర్థం కాదు. ఆ కాలంలో పొలం దున్నింది ఎద్దులు, బరువులు మోసింది గాడిదలు, దూర ప్రయాణాలకు ఒంటెలు. గుర్రానికి ఇంటి పనీ లేదు, పొలం పనీ లేదు. దాన్ని రథానికి కట్టేవాళ్లు, రథం యుద్ధానికి పోయేది. రాజు గారి గుర్రాలు అంటే అక్కడివాళ్లకు వినిపించేది ఆయుధాగారమే.
ఆదికాండము 12లో అబ్రాముకు వచ్చిన ఆస్తి జాబితా చూడండి. గొర్రెలు, ఎద్దులు, గాడిదలు, ఒంటెలు. గుర్రం లేదు. బైబిల్లో గుర్రం మొదటిసారి కనిపించేది ఆదికాండము 47లో. కరవుకాలంలో ఐగుప్తీయులు యోసేపు దగ్గరికి పశువుల్ని తోలుకొచ్చి ధాన్యం తీసుకుంటారు, ఆ పశువుల్లో ముందుగా చెప్పింది గుర్రాలనే. అంటే గుర్రం మొదటి నుంచీ ఐగుప్తు సొత్తుగానే పరిచయం అవుతుంది. తర్వాత నిర్గమకాండము 14లో అదే ఐగుప్తు నుంచి 600 శ్రేష్ఠమైన రథాలు తరుముకొస్తాయి, 15లో మోషే అక్క మిర్యాము తంబుర పట్టుకుని గుర్రాన్నీ రౌతునూ సముద్రంలో పడద్రోసిన దేవుణ్ణి పాడుతుంది. ఇశ్రాయేలీయుల జ్ఞాపకంలో గుర్రం అంటే తమను తరిమిన జంతువు. అది మర్చిపోయి ఏ వాక్యం చదివినా సగమే అర్థమవుతుంది.
ద్వితీయోపదేశకాండము 17:16 కూడా ఇక్కడి నుంచే వచ్చింది. రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించకూడదు, వాటి కోసం జనాన్ని మళ్లీ ఐగుప్తుకు పంపకూడదు. సొలొమోను సరిగ్గా ఆ పనే చేశాడు. 1 రాజులు 10లో 1,400 రథాలు, 12,000 మంది రౌతులు, గుర్రాలు ఐగుప్తు నుంచి. ఒక్కో గుర్రం 150 తులాల వెండి. నిర్గమకాండము 21:32 ప్రకారం ఎద్దు పొడిచి దాసుడు చనిపోతే యజమానికి కట్టాల్సింది 30 తులాలు. లెక్క వేసుకోండి, ఒక గుర్రం ధర ఐదుగురు మనుషుల ధర. రాజుల గ్రంథం అక్కడ సొలొమోనును తిట్టదు, ధరల పట్టీ చెప్పి ఊరుకుంటుంది. వెంటనే 11వ అధ్యాయంలో పతనం మొదలు.

ఇసుకతిన్నె:
గుర్రాల శాలలు 40,000 అని 1 రాజులు 4:26లో, 4,000 అని 2 దినవృత్తాంతములు 9:25లో. ఏది నిజం?

పాతరాయి:
1,400 రథాలకు 4,000 శాలలు అతుకుతాయి. 40,000 నకలు రాసేటప్పుడు దొర్లిన అంకె అని చాలామంది పండితుల మాట. దాని మీద వేరే చర్చ పెట్టుకుందాం, ఇక్కడ దారి తప్పుతాం.

రెండుచేపలు:
పాతరాయి గారూ, మీరు చెప్పిందంతా విన్నాక గుర్రం అంటేనే పాపం అన్నట్టుంది. యోబు 39 చదవండి ఒకసారి. గుర్రానికి బలం ఇచ్చింది నువ్వా, దాని మెడకు జూలు కప్పింది నువ్వా అని దేవుడే యోబును అడుగుతాడు. కాలితో నేల తవ్వుతుంది, భయాన్ని చూసి నవ్వుతుంది, బూర వినబడగానే ఆగలేదు, దూరం నుంచే యుద్ధవాసన పసిగడుతుంది. ఇంత ముచ్చటగా వర్ణించిన జంతువును అదే దేవుడు ఎందుకు ద్వేషిస్తాడు? గుర్రాన్ని దేవుడు ఎక్కడా తిట్టలేదు. దాని మీద మనిషి పెట్టుకున్న నమ్మకాన్ని తిట్టాడు. యెషయా 31:3 ఒక్క వాక్యం చాలు: ఐగుప్తీయులు మనుషులే గానీ దేవుడు కారు, వారి గుర్రాలు మాంసమే గానీ ఆత్మ కాదు. గుర్రాన్ని గుర్రంగా చూడండి, దేవుణ్ణి చేయకండి అని.

తొమ్మిదో గడియ:
సరే, మరి యెహోషువ 11 సంగతి? మేరోము నీళ్ల దగ్గర గెలిచాక శత్రువుల గుర్రాల గుదికాలి నరాలు తెగకోయమని ఆజ్ఞ. రథాలు కాల్చడం అర్థమవుతుంది. గుర్రం ఏం చేసింది పాపం? ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఆవగింజ:
రథం కాల్చి గుర్రాన్ని ఉంచుకుంటే రెండో రోజే ఇంకో రథం చేస్తారు కదా. గెలిచినవాడు ఆ ఆయుధాన్ని తన సొంతం చేసుకోకూడదు, అదీ అక్కడి పాయింట్. 2 సమూయేలు 8:4లో దావీదు కూడా అలాగే చేశాడు, కానీ 100 రథాలకు సరిపడా గుర్రాలు ఉంచుకున్నాడు. ఆ వంద దగ్గరే తలుపు తెరుచుకుందని నా అభిప్రాయం. తర్వాత ఆయన కొడుకు అబ్షాలోము రథం, గుర్రాలు, ముందు పరుగెత్తడానికి 50 మంది మనుషులు. ఇంకో కొడుకు అదోనీయా కూడా అచ్చంగా అంతే. ఆ ఇంట్లో సింహాసనం కావాలనుకున్న ప్రతివాడూ ముందు గుర్రాలు కొన్నాడు.

తొమ్మిదో గడియ:
అర్థమైంది, ఒప్పుకోలేను. జంతువును కుంటిదాన్ని చేయడం వేరు, రాజును కట్టడి చేయడం వేరు.

రెండుచేపలు:
ఆ ఇబ్బంది ఉండాలి కూడా. ఆ అధ్యాయాన్ని సాఫీగా దాటేసేవాళ్లను చూస్తేనే నాకు భయం.

గడపదీపం:
ప్రైజ్ ది లార్డ్ అందరికీ. నిన్న రాత్రి కలలో నల్లగుర్రం వచ్చింది, వెంటపడి తరిమింది. ప్రకటన 6:5 ప్రకారం కరవు వస్తుందని అర్థమా? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా భావం చెప్పగలరు.

మోడరేటర్:
గడపదీపం గారూ, కలల కోసం ప్రార్థన విభాగంలో రాయండి, అక్కడ మీతో మాట్లాడేవాళ్లున్నారు. యోహాను చూసిన దర్శనానికీ మీ కలకూ ముడి పెట్టుకోవద్దని మాత్రం నా సలహా. ఇక్కడ లేఖనాల మీదే ఉందాం.

ఇసుకతిన్నె:
ప్రవక్త ఏలీయా విషయం ఎవరూ ఎత్తలేదు. ఆయన్ని తీసుకెళ్లింది అగ్నిగుర్రాలే కదా. గుర్రం ఐగుప్తు సొత్తయితే పరలోకంలో దానికేం పని?

రెండుచేపలు:
మంచి ప్రశ్న. ముందు చిన్న సవరణ: 2 రాజులు 2:11లో అగ్నిరథం, అగ్నిగుర్రాలు వచ్చి ఏలీయాను, శిష్యుడు ఎలీషాను వేరు చేశాయి, ఏలీయా ఎక్కిపోయింది సుడిగాలిలో. బొమ్మల్లో మాత్రం ఆయన రథంలో కూర్చుని పగ్గాలు పట్టుకుని ఉంటాడు.
ఇక అసలు విషయం. ఎలీషా అప్పుడు అరిచిన మాట "నా తండ్రీ, నా తండ్రీ, ఇశ్రాయేలు వారికి రథమును రౌతులును నీవే" అన్న అర్థంలో ఉంది. ఎవరిని గురించి? తోలునడికట్టు కట్టుకున్న, సొంతంగా గాడిద కూడా ఉన్నట్టు కనిపించని మనిషి గురించి. ఇశ్రాయేలు రాజు అహాబుకు గుర్రాలున్నాయి. కరవులో ప్రజల సంగతి వదిలేసి గుర్రాలకూ కంచరగాడిదలకూ గడ్డి వెతుక్కుంటూ తిరిగాడు (1 రాజులు 18:5). ఏలీయా అదే అహాబు రథం ముందు కాలినడకన యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. దేశానికి నిజమైన సైన్యం ఎవరు అంటే ఆ పరుగెత్తినవాడు. ఎలీషా చనిపోయేటప్పుడు రాజు యోవాషు కూడా అవే మాటలు అని ఏడుస్తాడు (13:14).
మధ్యలో 2 రాజులు 6వ అధ్యాయం, దోతాను ఊరు. సిరియా రాజు ఎలీషా అనే ఒక్క ప్రవక్తను పట్టుకోవడానికి రాత్రికి రాత్రి గుర్రాలతో ఊరంతా చుట్టుముడతాడు. పనివాడు వణికిపోతాడు. వాడి కళ్లు తెరవబడ్డాక చూస్తే కొండంతా అగ్నిగుర్రాలు, రథాలు. తమాషా ఏమిటంటే ఆ అగ్నిసైన్యం ఒక్కరినీ చంపదు. శత్రువులకు కళ్లు మసకబడతాయి, ఎలీషా వాళ్లను షోమ్రోనుకు నడిపించి, భోజనం పెట్టించి పంపేస్తాడు. పరలోకపు గుర్రాలు వచ్చిన చోట యుద్ధం విందుతో ముగిసింది. ప్రకటన 19 చదివేటప్పుడు నేను ఈ అధ్యాయాన్ని పక్కన పెట్టుకుంటాను.

పాతరాయి:
అహాబు గుర్రాల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. బైబిలు బయట కూడా సాక్ష్యం ఉంది. అష్షూరు రాజు మూడో షల్మనేసెరు తన శాసనంలో క్రీ.పూ. 853 కర్కారు యుద్ధంలో అహాబు 2,000 రథాలతో వచ్చాడని చెక్కించాడు. అంకె పెంచి రాసి ఉంటారని వాదించేవాళ్లున్నారు, కానీ గడ్డి ఎందుకు వెతికాడో అర్థమవుతుంది!

నీటిపొద:
పౌలు దమస్కు దారిలో గుర్రం మీద నుంచి పడ్డాడు కదా, అది గర్వభంగానికి గుర్తు అని విన్నాను. దాన్నీ కలపండి.

ఆవగింజ:
అపొస్తలుల కార్యములు 9, 22, 26 మూడు చోట్లా ఆ సంగతి ఉంది, ఒక్కచోటా గుర్రం లేదు సిస్టర్. నేలమీద పడ్డాడు, అంతే. గుర్రాన్ని ఎక్కించింది చిత్రకారులు. రోములో సాంతా మరియా దెల్ పొపోలో చర్చిలో కరవాజ్జో వేసిన చిత్రంలో అయితే సగం పైగా గుర్రమే ఉంటుంది. పౌలుకు నిజంగా వాహనం ఇచ్చింది 23వ అధ్యాయంలో రోమా సైన్యం, 70 మంది గుర్రపురౌతుల కాపలాతో, ఖైదీగా.

ఒలీవకొండ:
బాగుంది చర్చ. ఇప్పుడు నా అసలు ప్రశ్నకు రండి. 6వ అధ్యాయం తెల్లగుర్రం?

తొమ్మిదో గడియ:
క్రీస్తే అంటాను. ప్రకటనలో తెలుపు ఎప్పుడూ దేవుని పక్షమే: తెల్లని వస్త్రాలు, తెల్లరాయి, తెల్లని మేఘం, ధవళమైన మహా సింహాసనం. జయించడం కూడా గొర్రెపిల్ల అయిన క్రీస్తు పనే, 5:5లో యూదా గోత్రపు సింహం జయం పొందాడు. రెండో శతాబ్దంలో సంఘ పితరుడు ఇరేనియస్ అలాగే చదివాడు. మూడో శతాబ్దపు వ్యాఖ్యాత విక్టోరినస్ దాన్ని లోకమంతా వెళ్లే సువార్త ప్రకటనగా తీసుకున్నాడు. సంఘం తొలి చదువు ఇది. విరోధి అనే మాట తర్వాతది.

పాతరాయి:
రంగు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడు కాడు. గొర్రెపిల్ల ఏడు ముద్రల గ్రంథం మొదటి ముద్ర విప్పుతున్నాడు, సింహాసనం దగ్గరి జీవి "రమ్ము" అని పిలుస్తోంది, పిలుపు అందుకుని రౌతు వస్తున్నాడు. విప్పేవాడూ పిలుపు అందుకునేవాడూ ఒకడేనా? పైగా వాడి వెనక వచ్చేవాళ్లను చూడండి. ఎర్రగుర్రం మీద సమాధానాన్ని తీసేసే ఖడ్గం, నల్లగుర్రం మీద త్రాసు, పాండుర వర్ణపు, అంటే పాలిపోయిన రంగు, గుర్రం మీద మరణం, వెనకే పాతాళం. ఆ ముగ్గురితో వరసలో నిలబడ్డవాడు క్రీస్తు ఎలా అవుతాడు? దేవునికి ఎదురు తిరిగే మృగం కూడా జయిస్తుంది, 11:7, 13:7 చూడండి. మత్తయి 24 వరస ఇదే: అబద్ధ క్రీస్తులు, యుద్ధాలు, కరవులు.
రోమా సామ్రాజ్యంలో ఉన్నవాళ్లకు విల్లు పట్టిన గుర్రపురౌతు అనగానే తూర్పున ఉన్న శత్రువు పార్తియా సైన్యం గుర్తొచ్చేది. క్రీ.పూ. 53లో కర్రే దగ్గర రోమా సేనాని క్రాసస్ సైన్యాన్ని నాశనం చేసింది ఆ విలుకాండ్రే. నా మట్టుకు నాకు మొదటి రౌతు ఫలానా వ్యక్తి కాదు, ఇంకా కావాలి, ఇంకా గెలవాలి అనే దండయాత్ర. అది ముందు తెల్లగా, అందంగా, కిరీటం పెట్టుకునే వస్తుంది. రక్తం, ఆకలి, శవాలు దాని వెనకాల వస్తాయి.

గడపదీపం:
నాలుగు రంగులూ నాలుగు దేశాల జెండాలని ఒక వీడియోలో చూపించారు. అందులో చాలా క్లియర్‌గా ఉంది.

ఆవగింజ:
ఆ వీడియో ప్రతి ఐదేళ్లకూ జెండాలు మార్చుకుంటుంది సిస్టర్. యోహాను తన నాటి ఏడు సంఘాలకు రాశాడు, వాళ్లకు తెలియని జెండాలతో వాళ్లకేం పని. గుర్రాల మూలం పాత నిబంధనలోనే ఉంది. జెకర్యా 1లో గొంజిచెట్ల మధ్య ఎర్రగుర్రం ఎక్కిన మనిషి, 6లో నాలుగు రథాలకు ఎర్రవి, నల్లవి, తెల్లవి, చుక్కలవి. ఆ గుర్రాలు లోకమంతా తిరిగి చూసొచ్చే దూతలు. యోహాను వాటికే ఆయుధాలు ఇచ్చాడు. చంపే నాలుగు మార్గాలు, ఖడ్గం, కరవు, తెగులు, క్రూరమృగాలు, అవి యెహెజ్కేలు 14:21 నుంచి.

ఇసుకతిన్నె:
నల్లగుర్రం గురించి ఎవరూ ఆగట్లేదు, నన్ను ఎక్కువ కదిలించేది అదే. దేనారానికి ఒక సేరు గోధుమలు. మత్తయి 20లో దేనారం ఒక రోజు కూలి. ఒక సేరు ఒక మనిషి ఒక రోజు తిండి. అంటే పొద్దంతా పనిచేసినవాడు తాను మాత్రమే తినగలడు. భార్యాపిల్లలు? యవలు కొనుక్కోవాలి, మూడు సేర్లు వస్తాయి. అదే గొంతు, నూనెను ద్రాక్షారసాన్ని పాడుచేయవద్దు అంటుంది. అన్నం లేదు గానీ ద్రాక్షారసానికి లోటు లేదు. కొందరు దీన్ని రాబోయే కరవు అని వాయిదా వేస్తారు. నాకు ఇది ఏ కాలంలో తెరిచినా ఆ రోజు వార్తలాగే ఉంటుంది.

పాతరాయి:
అవును. ద్రాక్షతోటలు పెరిగి గోధుమ తగ్గిందని డొమిషియన్ చక్రవర్తి, పరగణాల్లో సగం తోటలు నరికేయమని ఆజ్ఞ ఇచ్చి, అమలు చేయకుండా వదిలేశాడని రోమా చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. కొందరు వ్యాఖ్యాతలు ఆ వాక్యాన్ని దీనితో ముడిపెడతారు. అదే సుటోనియస్ ఇంకో సంగతి చెప్పాడు: యూదయ మీద గెలుపుకు రోములో జరిగిన విజయోత్సవంలో, అంటే క్రీ.శ. 71లో, కుర్ర డొమిషియన్ తన తండ్రి, అన్నల వెంట తెల్లగుర్రం మీద వెళ్లాడట. యెరూషలేమును కాల్చినవాళ్ల ఊరేగింపులో తెల్లగుర్రం! ప్రకటన గ్రంథం డొమిషియన్ రోజుల్లో వచ్చిందనే ఇరేనియస్ మాట నిజమైతే, తెలుపు అనగానే పవిత్రత అని మొదటి పాఠకులు అనుకుని ఉండరు.

రెండుచేపలు:
ఇప్పటిదాకా ఇద్దరూ రంగు మీదే కొట్టుకుంటున్నారు. చేతిలో ఏముందో చూడండి. జెకర్యా 9:9లో రాజు గాడిద ఎక్కి వస్తాడు, అది అందరికీ నోటికొచ్చు. 10వ వచనం ఎంతమంది చదివారు? "ఎఫ్రాయిములో రథములుండకుండ నేను చేసెదను, యెరూషలేములో గుఱ్ఱములు లేకుండ చేసెదను, యుద్ధపు విల్లు లేకుండ పోవును." గాడిద ఎక్కిన రాజు వచ్చాక పోయేవాటిలో గుర్రం ఉంది, విల్లు ఉంది. మొదటి ముద్ర విప్పగానే వచ్చేవాడి దగ్గర ఉన్నవి రెండు, గుర్రం, విల్లు. ఆ రాజు తీసేసిన వాటిని మళ్లీ తెచ్చుకున్నవాడు ఆ రాజే ఎలా అవుతాడు?
ప్రకటన 19లో వచ్చేవాడికి విల్లు లేదు. ఖడ్గం ఉంది, అది చేతిలో లేదు, నోటి నుంచి వస్తోంది. వెనక వచ్చే సైన్యం తెల్లగుర్రాల మీదే ఉంది, ఒంటి మీద సన్ననార బట్టలు, ఒక్కడి దగ్గరా ఆయుధం ఉన్నట్టు రాయలేదు. నారబట్టలతో యుద్ధానికి ఎవరైనా వెళ్తారా? 6లో ఒక కిరీటం "ఇయ్యబడెను", 19లో అనేక కిరీటాలు ఆయనవే. రెండో గుర్రం మొదటిదానికి జవాబు.

తొమ్మిదో గడియ:
విల్లు వాదన బలంగానే ఉంది. అయినా హబక్కూకు 3లో దేవుడే గుర్రాలెక్కి వస్తాడు, విల్లు వరలోంచి తీస్తాడు. విల్లు ఉంది కాబట్టి దేవుని పక్షం కాదనలేరు. ఇంకొకటి, 19:13లో ఆయన వస్త్రం రక్తంలో ముంచబడింది. యెషయా 63లో ద్రాక్షగానుగ తొక్కిన యోధుడి వస్త్రం అది, శత్రువుల రక్తం. మీరు ప్రకటన 19ని మరీ సాధువుగా చేసేస్తున్నారు. పక్షులు రాజుల మాంసం, గుర్రాల మాంసం తినే అధ్యాయం అది.

రెండుచేపలు:
యెషయా 63 పోలిక ఉంది, కాదనను. కానీ యుద్ధం 19వ వచనంలో మొదలవుతుంది, వస్త్రం 13లోనే తడిసి ఉంది. ఇంకా ఎవరితోనూ తలపడలేదు. ఈ గ్రంథంలో వధింపబడినట్టు నిలబడ్డ గొర్రెపిల్ల ఎవరో మీకు తెలుసు. ఆ రక్తం ఆయనదే.

తొమ్మిదో గడియ:
దర్శనంలో వచనాల వరసను గడియారంలా చూడొద్దు. 14:20లో ద్రాక్షగానుగ నుంచి రక్తం గుర్రాల కళ్లెంమట్టుకు పారింది, అది 19 కంటే ముందే కదా. అదే ఆయన వస్త్రం మీద ఉందని ఎందుకు అనుకోకూడదు?

పాతరాయి:
ఈ ఒక్క పాయింట్‌లో నేను తొమ్మిదో గడియ గారి వైపు. 19:15లో గానుగ తొక్కేది ఆయనే అని యోహాను మళ్లీ చెప్పాడు.

ఒలీవకొండ:
చాలా థాంక్స్ అందరికీ. నాకు 6, 19 ఒకరే కాదని మాత్రం తేలిపోయింది, రక్తం సంగతి ఇంకా ఆలోచించాలి. ఒకటి గమనించాను: 21, 22 అధ్యాయాల్లో గుర్రం అసలు లేదు. యెషయా 11లో తోడేలు, గొర్రెపిల్ల, చిరుతపులి, దూడ, సింహం, ఎలుగుబంటి అన్నీ ఉన్నాయి, అక్కడా గుర్రం లేదు. చివరికి గుర్రానికి చోటు లేనట్టేనా?

రెండుచేపలు:
తొందరపడకండి. జెకర్యా 14:20లో గుర్రాల కళ్లెం గంటల మీద "యెహోవాకు ప్రతిష్ఠితము" అని రాసి ఉంటుంది. నిర్గమకాండము 28:36లో ప్రధానయాజకుడి నొసటి రేకు మీద చెక్కిన మాటే అది. యెషయా 66:20లో చెదిరిపోయిన సహోదరుల్ని యెరూషలేముకు తీసుకొచ్చేది గుర్రాల మీద, రథాల మీద, కంచరగాడిదల మీద. అంటే గుర్రం ఉంటుంది, ఉద్యోగం మారుతుంది.

తొమ్మిదో గడియ:
అప్పుడు యెహోషువ 11 గుర్రాల సంగతి కూడా అడుగుతాను నేను.